కొలత తప్పిన మాత్ర

పూంగొడి పరుపు తిరగేసింది. దిండు గలీబు విప్పి దులిపింది. రెండు పిన్నీసులు, ఎండిన తమలపాకు ముక్క ఒకటి నేల మీద రాలాయి. ఆమె వెతుకుతున్న మాత్రలు మాత్రం ఒక్కటీ రాలలేదు.

"ఎక్కడో ఉమ్మేసి దాచే ఉంటుంది. ముసలివాళ్ళ సంగతి నాకు తెలీదా? మా మామగారు ఆరు నెలల పాటు గోడ సందులో కుక్కాడు," అంటూ మంచం కిందికి దూరింది.

వసంతామణి గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంది. అత్తగారు పొన్నాత్తాళ్ ఆస్పత్రిలో పడి ఇది మూడో రోజు. మొన్న సాయంత్రం ఆరు గంటలకు వీధి అరుగు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే గుండె పట్టుకుని పక్కకు ఒరిగిపోయింది. ఆటోలో వేసుకుని వెళ్ళేసరికి నాడి నూట ముప్ఫై దాటి కొట్టుకుంటోంది. గుండెపోటు కాదు గానీ దాని గుమ్మం దాకా వెళ్ళి వచ్చిందని డాక్టర్ నటేశన్ అన్నాడు.

ఈ పొద్దున ఆయనే ఇంకో మాట కూడా అన్నాడు. తాను మూడు వారాల క్రితం మార్చి రాసిన మాత్ర సరిగ్గా పడుతుంటే నాడి అలా పరిగెత్తకూడదట. అయితే ఆవిడ మింగడం లేదు, కాకపోతే ఆ మోతాదు ఆవిడకు చాలడం లేదు. ఇంట్లో ఉన్న మాత్రల అట్ట పట్టుకురండి, చూసి తేలుస్తానన్నాడు. మింగుతున్నదే నిజమైతే రెట్టింపు చేద్దామని, ఆ రెట్టింపు మాత్ర కూడా ఒక చీటీ మీద రాసి ఇచ్చి, నాలుగింటికల్లా కొని తెమ్మన్నాడు.

ఆ మాట చెవిన పడిందే తడవు, కాంగేయం నుంచి దిగిన పూంగొడి తెచ్చుకున్న సంచీ కూడా విప్పకుండా ఇల్లంతా సోదా మొదలుపెట్టింది. ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు ఊరికే అనలేదు. ఈ ఇంట్లో అసలు మొగుడు కుర్చీలో కూర్చుని ఉంటే, ఆ అర్ధమొగుడే పెట్టెలు తెరుస్తోంది.

"మాత్ర నా చేత్తో ఇచ్చాను పూంగొడీ. నీళ్ళు తాగించి, నోరు తెరిపించి చూసి మరీ కంపెనీకి వెళ్ళాను," అంది వసంతామణి.

"నువ్వు వెళ్ళాక ఉమ్మేసిందేమో."

"ఉమ్మే మనిషి కాదు ఆవిడ."

"అయితే నువ్వు ఇవ్వడం మరిచిపోయి ఉంటావు."

వసంతామణి గుమ్మం వదిలి కదిలింది. వంటింట్లోకి వెళ్ళి గోడకున్న కేలండర్ తీసుకొచ్చి ఆడబిడ్డ ముందు పెట్టింది. కొత్త మాత్ర మొదలైన రోజు నుంచి మొన్నటి దాకా ప్రతి అంకె పక్కనా నీలం ఇంకుతో ఒక టిక్కు ఉంది. మొత్తం ఇరవై రెండు. పదకొండేళ్ళుగా బనియన్ కంపెనీలో చెకింగ్ బల్ల దగ్గర నిలబడే మనిషి ఆమె. చిల్లు ఉందా, కుట్టు తప్పిందా, మెడ దగ్గర సైజు లేబుల్ సరైనదేనా అని చూసి టిక్కు కొట్టడమే ఆమె పని. ఎల్ బనియన్‌కి ఎమ్ లేబుల్ పడి పెట్టె వెనక్కి వచ్చిన పాపాన పోలేదు ఆమె బల్ల నుంచి. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆమెకు గర్వం ఉంది.

పూంగొడి టిక్కులు లెక్కపెట్టి మూతి ముడుచుకుంది. ఆ తర్వాత అన్న వైపు తిరిగింది.

"నువ్వేమంటావన్నా?"

చెన్నియప్పన్ పక్క వీధి కంపెనీలో కటింగ్ మాస్టర్. పనికి వెళ్ళినా వెళ్ళకపోయినా మెడలో కొలత టేపు ఉండాల్సిందే. ఇప్పుడు ఆ టేపు కొసని వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చున్నాడు. ఆడవాళ్ళిద్దరి మధ్యా మాట అనడం ఇష్టం లేనప్పుడు అతను చేసే పని అదే.

"అమ్మకు రోజూ సాయంత్రం ఏదో ఒకటి ఉంటుంది. నా బండి చప్పుడు వినబడితే చాలు. ఈసారి నిజంగానే వచ్చింది," అన్నాడు చివరికి.

ఆ మాటకు వసంతామణి తల దించుకుంది. పదిరోజుల క్రితం సంగతి గుర్తొచ్చింది. ఆ సాయంత్రం అతను బండి దిగుతుంటే అరుగు మీద పొన్నాత్తాళ్, గుండె దడదడలాడుతోంది సామీ, ఒక్కసారి చెయ్యి పెట్టి చూడు అంది. రోజంతా గుడ్డ కోసి కోసి వచ్చినవాడు, నేను గుమ్మంలో అడుగు పెట్టగానే నీకు గుండె గుర్తొస్తుందా అని విసుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు. పొన్నాత్తాళ్ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మరునాటి నుంచి సాయంత్రం కాగానే ఒక చెయ్యి కొంగు చాటున గుండె మీద పెట్టుకుని, రెండో చేత్తో అరుగు అంచు పట్టుకుని ఊరకే కూర్చునేది. దారిన పోయేవాళ్ళు పలకరిస్తే నవ్వేది.

వసంతామణి అది చూసింది. చూసి కూడా మొగుడికి చెప్పలేదు. చెబితే, నువ్వూ మొదలుపెట్టావా అంటాడని భయపడింది. అత్తగారికి వేడి జీలకర్ర నీళ్ళు ఇచ్చి, వీపు రాసి ఊరుకుంది.

"ఇన్నాళ్ళ నుంచీ రోజూ వస్తోందా?" పూంగొడి గొంతు తగ్గింది. "అన్నకు పనుంది సరే. నీకు కళ్ళు లేవా వదినా?"

వీధిలో ఎవరిదో కుట్టుమిషన్ ఆగి ఆగి నడుస్తోంది. పొయ్యి మీద బియ్యం, పప్పు కలిపి పెట్టిన అన్నం అడుగంటిన వాసన వచ్చింది గానీ ఎవరూ లేవలేదు.

చివరికి చెన్నియప్పనే చీటీ తీసి భార్యకిచ్చాడు. మాత్రలు కొని, పాత అట్ట కూడా తీసుకుని నేరుగా ఆస్పత్రికి వచ్చేయమన్నాడు. తాను చెల్లెల్ని బండి మీద తీసుకెళతానన్నాడు.

మందుల షాపు సుందరం ఆ వీధి వాళ్ళందరికీ అన్నే. సగం మందికి డాక్టరు కూడా అతనే. వసంతామణి వెళ్ళేసరికి షాపులో వేరే ఎవరూ లేరు. చీటీ అతనికిచ్చేముందు ఆమె మళ్ళీ ఒకసారి చదివింది. మాత్ర పేరు అదే. పోయినసారి దాని పక్కన ఎక్స్ ఎల్ అనీ, యాభై అనీ ఉంది. ఈసారి ఎక్స్ ఎల్ అనీ, వంద అనీ ఉంది.

"అన్నా, దీంట్లో కూడా ఎక్స్ ఎల్ కాకుండా మామూలుది ఉంటుందా? ఈ డాక్టరుగారు మళ్ళీ ఎక్స్ ఎల్ రాశాడేంటి? మా అత్త నలభై కిలోలు కూడా లేదు."

సుందరం అర వైపు చాచిన చెయ్యి ఆగింది.

"నలభై కిలోలకీ ఎక్స్ ఎల్‌కీ ఏంటమ్మా సంబంధం?"

"పెద్ద సైజు కదా."

సుందరం నవ్వాడు. బనియన్ల ఊరు తిరుప్పూరులో పుట్టి పెరిగినవాడికి ఆ మాటకి నవ్వు రాకుండా ఎలా ఉంటుంది? "ఇదేమన్నా బనియనా?" అన్నాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చి నవ్వు ఆపేశాడు. ఏదీ, పోయినసారి నేనిచ్చిన అట్ట చూపించు అన్నాడు.

వసంతామణి సంచీలోంచి తీసి చూపించింది. సుందరం ఒకదాన్ని వెలుతురుకు పెట్టి చదివి, ఎదురుగా వీధిలో ఎవరైనా వస్తున్నారేమో చూశాడు.

"ఎక్స్ ఎల్ అంటే సైజు కాదమ్మా. మెల్లగా కరిగే రకం అని. పొద్దున ఒకటి వేస్తే, మర్నాడు పొద్దున దాకా కొంచెం కొంచెంగా ఒంట్లోకి వదుల్తుంది. ఇదిగో, ఈ మామూలుది అలా కాదు. ఉన్నదంతా ఒకేసారి వదిలేస్తుంది. సాయంత్రానికి ఏమీ మిగలదు. అందుకే మామూలుదైతే పొద్దునా సాయంత్రం రెండు పూటలా వేయాలి. నువ్వు ఎన్ని పూటలు వేశావు?"

"ఒక్క పూట. చీటీలో పొద్దున ఒకటి అని ఉంది కదా."

"ఎన్నింటికి?"

"ఆరింటికి. మంచినీళ్ళ పంపు దగ్గరికి వెళ్ళేముందు."

సుందరం అట్టలు తిరిగి ఆమెకిచ్చేశాడు. ఇంకేమీ అడగాల్సిన పని లేదు. పొద్దున ఆరింటికి వేసిన మాత్ర సాయంత్రం ఆరింటికి అయిపోయేది. ఇరవై రెండు సాయంత్రాలు ఆ ముసలి గుండె మందు లేకుండా కొట్టుకుంది. కొట్టుకుంటోందని నోరు తెరిచి చెప్పింది కూడా. ఇంట్లోవాళ్ళు దానికి నాటకమని పేరు పెట్టారు.

వసంతామణి కౌంటరు అద్దం మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఇంతకుముందు ఏళ్ళ తరబడి పొన్నాత్తాళ్ వేసుకున్నవి మామూలు మాత్రలే. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. సాయంత్రంది మరిచిపోతోందని కూతురూ కొడుకూ చెబితేనే, అయితే ఒక్కసారి వేసేది రాస్తానని డాక్టరు ఎక్స్ ఎల్‌కి మార్చాడు. ఆ మార్పు చీటీ మీద జరిగింది. ఈ కౌంటరు దగ్గరికి వచ్చేసరికి మందు పాతదే అయింది, పూట మాత్రం ఒకటి పోయింది.

అలా జరగడానికి కారణమైన మాట ఎవరిదో కూడా ఆమెకు గుర్తొచ్చింది. ఆ రోజు చెన్నియప్పన్ గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ చీటీ తీసి చదివాడు. మెడలో టేపు ఉంది. "ఎక్స్ ఎల్ ఏంటే? మా అమ్మకు ఎస్ కూడా వదులే. ఇది వద్దని చెప్పి మామూలుది తెచ్చెయ్," అన్నాడు నవ్వుతూ. అందులో నవ్వులాట ఎంతో నిజం ఎంతో ఆమె అడగలేదు. కొలతల విషయంలో ఆ ఇంట్లో అతని మాటకు తిరుగులేదు. ఆమెకు కూడా అది సబబుగానే తోచింది. సన్నటి మనిషికి పెద్ద సైజు ఎవరు తొడుగుతారు? షాపుకొచ్చి అదే మాట చెప్పింది. సుందరం, డాక్టరే మార్చాడేమోననుకుని మామూలుది తీసి ఇచ్చాడు.

"తప్పు నాది కూడా. చీటీలో ఉన్నది కాకుండా నువ్వు చెప్పింది ఇచ్చాను. ఈ సంగతి బయటికి పొక్కితే నా లైసెన్సు పోతుంది," అన్నాడు సుందరం.

అతను లోపలికి వెళ్ళి ఎక్స్ ఎల్ యాభైవి రెండు అట్టలు తెచ్చాడు. ఒక్కో అట్టలో పదిహేను. మొదటిదాంట్లో పదిహేనూ, రెండోదాంట్లో ఏడూ, మొత్తం ఇరవై రెండు మాత్రలు బొటనవేలితో నొక్కి ఒక కాగితం మీదికి తీశాడు. ఒక్కొక్కటీ రేకు చింపుకుని బయటికి వస్తుంటే వసంతామణి వద్దని అనలేదు. అక్కడే ఆమె తప్పింది. మొదటిది తెలియక చేసిన తప్పు, ఇది తెలిసి చేసిన తప్పు.

"ఇవి చూపించు. పాతవి ఇటు ఇచ్చెయ్. నీకూ మంచిది, నాకూ మంచిది."

"మరి డాక్టరు వంద మొదలుపెడితే?"

"ఏం కాదులే."

"రెండేళ్ళ కిందట ఒకరోజు మరిచిపోయి ఒకే పూట మూడు మాత్రలు వేసుకుంది అన్నా. బట్టలుతికే బండ దగ్గర పడిపోయింది. నాడి నలభైకి దిగిపోయిందన్నారు. మనిషిని బతికించడానికి రెండు రోజులు పట్టింది."

సుందరం కాగితంలో మాత్రలు పొట్లం కట్టడంలో మునిగాడు. నాలుగు రోజులు చూసి కళ్ళు తిరుగుతున్నాయని చెబితే మళ్ళీ యాభైకి దించుతారని, పెద్ద డాక్టర్లకు ఇదంతా మామూలేనని అన్నాడు. ఆ నాలుగు మాటలూ ఆమె ముఖం చూసి చెప్పలేదు.

వసంతామణి ఆ ఖాళీ చేసిన కొత్త అట్టలూ, చీటీలో రాసిన వంద అట్టా సంచీలో వేసుకుంది. పాతవి అడిగితే, తర్వాత ఇస్తానంది. ఎందుకు ఇవ్వలేదో ఆమెకే తెలియదు. చెయ్యి సంచీలోంచి బయటికి రాలేదు, అంతే.

ఆస్పత్రికి చేరేసరికి పూంగొడి తల్లికి తల దువ్వుతూ ఉంది. దువ్వుతూనే సాధిస్తోంది. చెప్పమ్మా, ఎక్కడ ఉమ్మావు, ఎన్ని రోజులు ఉమ్మావు, మేము ఇక్కడ నీ కోసం ఉరుకులు పరుగులు పెడుతుంటే నువ్వు మాతో ఆటలాడుతున్నావా అని ఆమె సాధింపు.

పొన్నాత్తాళ్ మంచం మీద మూడు దిండ్లకు ఆనుకుని ఉంది. ముక్కుకు పెట్టిన గొట్టం తీసేశారు గానీ ఆ గీత ఇంకా బుగ్గ మీద ఉంది. కోడల్ని చూడగానే పక్కన జాగా చూపించింది.

"ఆ పిల్ల ఇచ్చింది ఇచ్చినట్టే మింగాను. ఉమ్మడం మన ఇంటా వంటా లేదు," అంది మెల్లగా.

చెన్నియప్పన్ కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. మూడు రోజుల్లో తల్లితో అతను నాలుగు మాటలు మాట్లాడి ఉంటే ఎక్కువ. అన్నం తిన్నావా అంటే తిన్నానమ్మా అనేవాడు. ఆవిడా అంతకు మించి అడిగేది కాదు.

నాలుగు దాటాక డాక్టర్ నటేశన్ వచ్చాడు. మంచి మనిషే గానీ, ఇంకా పాతిక మంచాలు చూడాల్సిన మనిషి. నాడి చూశాడు, కాగితం చూశాడు, చెయ్యి చాచాడు.

"మాత్రల అట్ట తెచ్చారా?"

వసంతామణి చెయ్యి సంచీలోకి వెళ్ళింది. వేళ్ళకు పాత అట్టలూ, షాపులో ఖాళీ చేయించిన కొత్తవీ తగిలాయి. ఏది ఏదో చూడకుండానే తెలుస్తోంది. మింగలేక కక్కలేక ఆమె అలా ఉంటే, చెన్నియప్పన్ కిటికీ దగ్గర్నుంచే, ఇవ్వు, ఆయనకు అవతల పని లేదా అన్నాడు.

ఆమె కొత్తవి తీసి ఇచ్చింది.

డాక్టరు తిప్పి చూశాడు. ఖాళీలు లెక్కపెట్టాడు. ఇరవై రెండు, ఒక్క రోజు కూడా తప్పలేదు అన్నాడు. ముసలావిడ వైపు చూసి, నీ కోడలు గడియారం లాంటి మనిషమ్మా, ఇంత కచ్చితంగా ఎవరూ వేయరు అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు వింటూ వసంతామణి మంచం కమ్మీ పట్టుకుంది. అయితే యాభై ఈవిడకు చాలడం లేదన్నమాట, ఇప్పుడే వంద మొదలుపెడదాం, రేపు ఇంటికి పంపిస్తాను అంటూ ఆయన కాగితం మీద రాసి పక్క వార్డుకు వెళ్ళిపోయాడు.

"విన్నావుగా అమ్మా. ఉమ్మలేదట," అంది పూంగొడి. అంతసేపూ సాధించినందుకు అదే ఆమె చెప్పుకున్న క్షమాపణ.

నర్సు వసంతామణి తెచ్చిన వంద అట్ట తీసుకుని ఒక మాత్ర చిన్న మూతలో వేసి, గ్లాసు నీళ్ళతో పాటు అందించింది. నమలకుండా మింగాలని చెప్పింది. పొన్నాత్తాళ్ మాత్రను అరచేతిలో వేసుకుని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది.

"ఇది వేరే కదా. నువ్విచ్చేది గుండ్రంగా, చిన్నగా ఉంటుంది అమ్మిణీ. ఇది పొడుగ్గా ఉంది."

ఇది రెట్టింపు మోతాదు, అందుకని పెద్దగా ఉందని నర్సు చెప్పింది. ముసలావిడ తల అడ్డంగా ఊపింది. చెన్నియప్పన్ దగ్గరికి వచ్చి, డాక్టరు మంచం మీద వదిలేసిన యాభై అట్ట తీసి తల్లి ముందు పెట్టాడు. మిగిలిన మాత్రల్ని వేలితో చూపించాడు. అవి కూడా పొడుగ్గానే ఉన్నాయి.

"ఇదిగో, ఇదే నువ్వు ఇన్నాళ్ళూ వేసుకున్నది. చూడు."

"ఇది నేను ఎప్పుడూ చూడలేదు సామీ."

"మళ్ళీ మొదలుపెట్టావా అమ్మా?"

పూంగొడి వదిన చెవిలో, మతి కూడా తప్పుతోంది అంది. చెవిలో అన్నా మంచం మీది మనిషికి వినబడేంత గట్టిగానే అంది.

పొన్నాత్తాళ్ కొడుకు ముఖం చూసింది, కూతురు ముఖం చూసింది. ఆఖరికి కోడలి ముఖం చూసింది. ఆ చూపులో నిష్ఠూరం ఏమీ లేదు. నువ్వైనా చెప్పు, నేను చూసింది నిజమే కదా అని అడుగుతున్న చూపు అది. వసంతామణి దుప్పటి అంచు సర్దింది. ఆమె నోరు మెదపకపోవడం చూసి ముసలావిడే తగ్గింది.

"అవునేమో సామీ. కళ్ళు సరిగ్గా ఆనడం లేదు," అంది. నోరు తెరిచి మాత్ర ఎత్తింది.

వసంతామణి ఆ మణికట్టు పట్టుకుంది.

గ్లాసులో నీళ్ళు దుప్పటి మీద ఒలికాయి. మాత్ర ఎక్కడో నేల మీద దొర్లిపోయింది. నర్సు, ఏంటమ్మా ఇది అంటూ ముందుకొచ్చింది.

"అత్త కళ్ళు బాగానే ఉన్నాయి," అంది వసంతామణి. సంచీలోంచి పాత అట్టలు తీసి దుప్పటి మీద పెట్టింది. "నేనిచ్చింది ఇవి. ఆవిడ చెప్పిందే నిజం. మెల్లగా కరిగేది కాదు నేను వేసింది, మామూలుది. అది కూడా పొద్దున ఒక్కటే వేశాను. సాయంత్రానికి ఆవిడ ఒంట్లో మందు లేదు. డాక్టరుగారికి చూపించినవి ఇందాక షాపులో ఖాళీ చేయించి తెచ్చాను. వంద వేయకండి. పడిపోతుంది."

ఇంత పొడుగు మాట ఆమె ఆ కుటుంబంలో ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడుతున్నంతసేపూ అత్తగారి మణికట్టు వదల్లేదు. నర్సు రెండు రకాల అట్టల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. ఒక్క మాట అనకుండా అవి తీసుకుని డాక్టరు కోసం పక్క వార్డు వైపు గబగబా వెళ్ళింది.

పూంగొడికి విషయం ఎక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కాక లేచి నిలబడింది.

"మా అమ్మ ఇరవై రోజులు అలా అల్లాడితే, అది నీ చేతి మందు వల్లా? పైగా దొంగ అట్ట పట్టుకొచ్చి డాక్టరును కూడా మోసం చేశావా? అసలు మార్చమని ఎవరు చెప్పారు నీకు? ఎవరిని అడిగి మార్చావు?"

వసంతామణి మొగుడి వైపు చూసింది. చెప్పడానికి కాదు, అతనే చెబుతాడని చూసింది. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ అన్న మాట అతనికి గుర్తు లేకుండా ఎలా ఉంటుంది? గుర్తుంది. టేపు కొసని వేలికి చుడుతున్నాడు. చుట్టిన టేపు బిగిసి వేలి చివర తెల్లబడింది.

"అన్నా, నీకు తెలుసా ఈ సంగతి?" అంది పూంగొడి.

చెన్నియప్పన్ తల ఎత్తాడు. భార్య వైపు కాకుండా చెల్లెలి వైపు చూశాడు.

"నాకేం తెలుసు? మందుల సంగతంతా తనే చూసుకుంటుంది. ఏం కొందో, ఎందుకు కొందో తననే అడుగు."

అత్తగారి మణికట్టు మీద వసంతామణి పట్టు మెల్లగా వదులైంది. ఇప్పుడు మొగుడి పేరు చెప్పినా, తప్పు తన మీద నుంచి తోసేసుకోవడానికే చెప్పిందంటారు. చేసిన మోసం బయటపడ్డాక చెప్పే నిజానికి విలువ ఎంతో ఆమెకు తెలుసు. చెయ్యి తీసేసుకోబోయింది.

పొన్నాత్తాళ్ తీసుకోనివ్వలేదు. ఎముకలు తేలిన వేళ్ళతో కోడలి చేతిని గట్టిగా పట్టుకుంది. వరండాలో డాక్టరు చెప్పుల చప్పుడు దగ్గరికి వస్తోంది. ముసలావిడ దిండు మీద నుంచి తల కొంచెం ఎత్తి కొడుకు మెడలోని టేపు వైపు చూసింది.

"ఆ రోజు నువ్వు చెప్పులు విడిచేటప్పుడు నేను అరుగు మీదే కూర్చుని ఉన్నాను సామీ," అంది.